తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసిన దేశంలో సొంత వ్యాపారం పెట్టొచ్చా?

ప్రశ్న: నేను ఒక ఆఫ్రికా దేశంలో ప్లాస్టిక్ ప్యాకేజింగ్ ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా ప్రొడక్షన్ మేనేజర్‌ని. దేశం పేరు రాయడం లేదు, మా ఓనరు చదివినా చదవొచ్చు. ఇప్పుడు సొంతంగా చిన్న యూనిట్ పెట్టాలని ఉంది. ఈ దేశం నాకు బాగా తెలుసు, మెషిన్లు తెలుసు, కస్టమర్లు తెలుసు. కాకపోతే విదేశీయుడి పేరు మీద కంపెనీ అంటే చాలా పెట్టుబడి చూపించాలి. పోర్టులో మా సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ ఇక్కడివాడే, నాకు అన్నలాంటివాడు. కంపెనీ తన పేరు మీద పెట్టిస్తానంటున్నాడు. డబ్బంతా నాది, లాభంలో అతనికి పది శాతం. నా టెన్షన్ అంతా లంచాలు, కరెంటు కోతలు, పనివాళ్ల బద్ధకం గురించే. వ్యాపారానికి అనువైన దేశాల ర్యాంకింగ్‌లో కూడా ఈ దేశం పైకి వచ్చిందని చదివాను. దాచుకున్నదంతా పెట్టేయొచ్చా?

జవాబు: మీ టెన్షన్లు మూడూ చదివాక నాకు నాలుగోది పట్టుకుంది. మిమ్మల్ని ముంచగలిగే విషయాన్ని మీరు టెన్షన్ల లెక్కలోనే వేయలేదు, దాన్ని సౌకర్యం కింద రాశారు. ఆ అన్నలాంటివాడి సంగతే నేను చెప్పేది.

దానికి ముందు ఇంకో మాట. ఈ దేశం నాకు బాగా తెలుసు అన్నారు. మీకు తెలిసింది ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్న దేశం. ముడిసరుకు లారీలో వచ్చి మీ ముందు దిగేది, దానికి డాలర్లు ఏ బ్యాంకులో ఎన్ని వారాలు తిరిగి తెచ్చారో మీరు చూసి ఉండరు. మీ వర్క్ పర్మిట్ గడువు తీరినప్పుడల్లా పాస్‌పోర్టు ఆఫీసులో ఇచ్చేసి ఉంటారు, స్టాంపు పడి తిరిగొచ్చి ఉంటుంది. టాక్సు నోటీసు వచ్చిన రోజు ఎవరు వెళ్లారు? నేనూ ఆరేళ్లు జీతానికి చేసి, ఆ తర్వాత అలాంటి దేశంలోనే సొంతంగా మొదలుపెట్టినవాణ్ణే. అంతవరకు మా ఓనర్ని పిసినారి అని తిట్టుకునేవాణ్ణి, మొదటి ఏడాది గడిచేసరికి ఆయన మీద గౌరవం పుట్టుకొచ్చింది.

ఇప్పుడు బినామీ సంగతి. అవును, మీరు చేయబోయేదానికి మన దగ్గర ఉన్న పేరు అదే. విదేశీయులకు పెట్టుబడి పరిమితి పెట్టేది ఊరికే కాదు, చిన్న వ్యాపారాలు తమ వాళ్లకు మిగలాలని. ఘానాలో 2013 నాటి చట్టం ప్రకారం స్థానిక భాగస్వామి ఉంటే విదేశీయుడు 2 లక్షల డాలర్లు, పూర్తిగా తన సొంతమైతే 5 లక్షలు, సరుకు కొని అమ్మే వ్యాపారమైతే 10 లక్షలు తేవాలని పెట్టారు. పైగా కొన్ని పనులు ఎంత డబ్బు తెచ్చినా విదేశీయుడు చేయకూడదన్నారు, వాటిలో ప్యాకెట్లలో నీళ్లు నింపి అమ్మడం కూడా ఉంది. టాంజానియా 2025 జూలైలో 15 రకాల చిన్న వ్యాపారాలను విదేశీయులకు మూసేసింది. అందులో గమనించాల్సింది ఏమిటంటే దొరికిన విదేశీయుడికే కాదు, అతనికి సాయం చేసిన స్థానికుడికీ శిక్ష ఉంది. ఆఫ్రికాలోనే కాదు, థాయ్‌లాండ్‌లో 1999 చట్టం ప్రకారం పేరు అరువిచ్చినవాడికీ వాడుకున్నవాడికీ మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. అంటే మీరు ఆ కాగితం మీద సంతకం చేసిన రోజునే మీ ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరి చేతిలో పెట్టుకున్నట్టు. కాకపోతే ఇద్దరికీ అది సమానం కాదు. అతను జరిమానా కట్టి తన ఇంటికి తాను పోతాడు, మిమ్మల్ని విమానం ఎక్కిస్తారు.

"కానీ అతను అలాంటివాడు కాదండీ" అంటారు, నాకు తెలుసు. కాకపోవచ్చు. నాకు తెలిసిన ఒకాయన సరిగ్గా ఇలాగే చేశాడు, కంపెనీ షేర్లన్నీ స్నేహితుడి పేరు మీద, ఈయన కాగితాల మీద టెక్నికల్ అడ్వైజర్. ఆ స్నేహితుడు నిజంగా బంగారంలాంటి మనిషి, ఏడేళ్లలో ఒక్క రూపాయి తేడా రానివ్వలేదు. ఎనిమిదో ఏడు గుండెపోటుతో పోయాడు. షేర్లు భార్యకూ ముగ్గురు కొడుకులకూ వెళ్లాయి. వాళ్ల తప్పు కూడా ఏమీ లేదు, నాన్న పేరు మీద ఫ్యాక్టరీ ఉందని కాగితం చెబుతోంది, ఎవరో విదేశీయుడు వచ్చి అది నాదే అంటున్నాడు. ఈయన దగ్గర ఉన్నది ఇద్దరూ రాసుకున్న రెండు పేజీల ఒప్పందం. అది కోర్టులో చూపిస్తే ముందు తేలేది ఈయన చట్టాన్ని తప్పించుకున్నాడన్న సంగతే. పెద్ద కొడుకు కేసు కూడా వేయలేదు. ఈ ఉద్యోగి మాకు అక్కర్లేదని ఇమిగ్రేషన్‌కు కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక్క ఉత్తరం రాశాడు, అంతే. వర్క్ పర్మిట్ కంపెనీకి కట్టి ఉంటుంది కదా, కంపెనీ వద్దంటే మీరు ఆ దేశంలో ఉండటానికే కారణం పోతుంది. ఆయన తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకోగలిగింది రెండు సూట్‌కేసులూ, తన మెషిన్ల ఫొటోలు ఉన్న ఫోనూ.

స్థలం విషయంలోనూ ఇంతే, అక్కడి భూమి మీ పేరు మీద కొనగలరనుకోకండి. కెన్యాలో విదేశీయుడికి 99 ఏళ్లకు మించి లీజు దొరకదు, ఘానాలో 50 ఏళ్లే. మీరున్న చోట ఎంతో లాయరును అడగండి, ఆ లాయరును మీ ఏజెంటు మాత్రం తేకూడదు.

ఇక డబ్బు. మీరు అమ్మేది అక్కడి కరెన్సీలో, కొనేది డాలర్లలో. మీ ముడిసరుకు, ప్లాస్టిక్ గ్రాన్యూల్స్, అక్కడ తయారు కావనే అనుకుంటున్నాను. దీన్ని ఒక లెక్కతో చూడండి. 2024 మార్చిలో ఈజిప్టు తన పౌండు రేటును మార్కెట్‌కు వదిలేసినప్పుడు డాలరుకు 31 దగ్గర ఉన్న అధికారిక రేటు ఒక్క రోజులో 50 దాకా వెళ్లింది. అంతకు ముందు నెలలో ఎవరో మీలాంటివాడు లక్ష డాలర్ల సరుకు 90 రోజుల అరువు మీద తెచ్చాడనుకోండి. 31 లక్షల పౌండ్లు అవుతుందని లెక్కేసుకుని, సంచులు చేసి 37 లక్షలకు అమ్మాడు, అందులో కూలీ కరెంటు పోను రెండు లక్షలు మిగిలాయని సంతోషపడ్డాడు. అప్పు తీర్చే రోజున బ్యాంకు అడిగింది దాదాపు 47 లక్షలు. అతను బాగా అమ్మాడు, మంచి సరుకు చేశాడు, ఏ తప్పూ చేయలేదు, అయినా మునిగాడు. నైజీరియా కథ ఇంకా ఘోరం. 2023 జూన్‌లో డాలరుకు 470 ఉన్న నైరా ఏడాది తిరక్కుండానే 1,500 దాటింది. అంతకు ముందు రేటు తక్కువగా ఉన్న రోజుల్లో డాలర్లే దొరికేవి కావు. టికెట్లమ్మిన డబ్బు బయటికి తీసుకెళ్లలేక ఎమిరేట్స్ 2022లో అక్కడికి విమానాలే ఆపేసి రెండేళ్ల తర్వాత గానీ తిరిగి రాలేదు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అంతటి కంపెనీ 2023 చివర్లో అక్కడ తయారీ మానేస్తున్నానని చెప్పింది. వాళ్లకు తలుపు తీసుకుని వెళ్లిపోయే ఓపిక ఉంది, మీ దాచుకున్న డబ్బుకు లేదు.

అందుకే మీ ఓనరు అంత పిసినారిగా ఎందుకుండేవాడో ఆలోచించండి. వచ్చిన డబ్బును ఖాతాలో ఉంచకుండా వెంటనే ముడిసరుకు కొనేసేవాడా? గోడౌన్ ఎప్పుడూ నిండుగా ఉండేదా? అదే ఆయన బ్యాంకు. కస్టమర్లకు అరువివ్వడానికి అంత గీచి గీచి ఇచ్చేది కూడా అందుకే, రెండు నెలల తర్వాత వచ్చే వంద ఈ రోజు వంద కాదు కాబట్టి. మీరు కొత్తగా మొదలుపెట్టినవారు, కస్టమర్‌ని లాగాలంటే మీరే ఎక్కువ అరువివ్వాల్సి వస్తుంది, అసలు పోటీ అక్కడే ఉంది. ప్రభుత్వ ఆఫీసు ఆర్డర్ ఇస్తే మాత్రం ఎగిరి గంతేయకండి, బిల్లు ఎప్పుడొస్తుందో ఆ ఆఫీసుకే తెలియదు.

ఇంకో చిన్న కాగితం సంగతి చెప్పాలి, చాలామంది దీని దగ్గరే దెబ్బ తింటారు. పెట్టుబడిని సూట్‌కేసులోనో, ఎవరో తెలిసినవాళ్ల చేతి మార్పిడితోనో తీసుకెళ్లొద్దు. బ్యాంకు ద్వారా విదేశీ పెట్టుబడిగా పంపి, వచ్చిందని రాతపూర్వకంగా తీసుకోండి. నైజీరియాలో దీన్ని సర్టిఫికెట్ ఆఫ్ క్యాపిటల్ ఇంపోర్టేషన్ అంటారు, అది లేనివాడు రేపు లాభం బయటికి పంపాలన్నా, వ్యాపారం అమ్ముకుని వెళ్లాలన్నా అధికారిక మార్కెట్లో డాలర్లు అడిగే హక్కే ఉండదు. వేరే దేశాల్లో పేరు వేరే ఉంటుంది, పని ఇంచుమించు అదే. బినామీ పేరు మీద పెట్టినప్పుడు ఈ కాగితం మీకు వచ్చే అవకాశమే లేదు, ఎందుకంటే లెక్క ప్రకారం మీరు పెట్టుబడే పెట్టలేదు!

లంచాల గురించి అడిగారు కాబట్టి నా సొంత బుద్ధి తక్కువ పని ఒకటి చెబుతాను. నాకు వచ్చిన మొదటి కంటైనర్‌లో ఒక మెషినూ దానికి స్పేర్ మోటార్లూ ఉన్నాయి. ఇన్వాయిస్‌లో "మెషిన్ పార్ట్స్" అని రాయించాను, ప్యాకింగ్ లిస్టులో మాత్రం "ఎలక్ట్రిక్ మోటార్లు, 6" అని పడింది. రెండింటికీ డ్యూటీ వేరు. కస్టమ్స్ ఆఫీసరు గొంతు పెంచలేదు, కోపం కూడా లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో లైను తడుముతూ వచ్చి, ఆ మాట దగ్గర చిన్న సున్నా చుట్టి, ఫైలు మూసి పక్కన ఉన్న దొంతరలో అడుగున పెట్టాడు. పైన కాదు, అడుగున. ఆ దొంతర ఎత్తు నాకిప్పటికీ గుర్తుంది, బల్ల మీది ఫోను కనబడనంత. 26 రోజులు. పోర్టువాళ్ల స్థలం అద్దె ఒకవైపు, షిప్పింగ్ కంపెనీ డబ్బా తిరిగివ్వనందుకు ఇంకోవైపు, రెండూ రోజు లెక్కన పెరిగేవే. ఇక్కడ షెడ్డు అద్దె కడుతున్నాను, పదకొండు మంది జీతాలు ఇస్తున్నాను, మెషినే లేదు. పందొమ్మిదో రోజుకు నేనే ఏజెంటుతో "ఏదో ఒకటి ఇచ్చేసి పని కానివ్వు" అన్నాను. ఆఫీసరు నన్ను అడగలేదు, గమనించండి, నేనే అడిగించుకున్నాను. ఇచ్చాక కూడా ఇంకో వారం పట్టింది. అంతేకాదు, ఆ తర్వాత వచ్చిన ప్రతి కంటైనర్‌నూ ఆపారు, ఆపితే ఇస్తాడని తెలిసిపోయింది కదా.

ఆ ముడి నేను వేసుకున్నదే. కాగితం తప్పు నాది, తొందర నాది. ఆ పోర్టులోనే ఒక పాత వ్యాపారి ఉండేవాడు, ఆయన కంటైనర్ ఆపితే ఇంటికెళ్లిపోయేవాడు. ఆయన గోడౌన్‌లో రెండు నెలల సరుకు ఎప్పుడూ ఉండేది, ఇన్వాయిస్ షిప్ ఎక్కకముందే తెప్పించుకుని ప్రతి మాటా డ్యూటీ కోడ్‌తో సరిచూసుకునేవాడు. ఆగగలిగినవాణ్ణి పట్టి ఆపడంలో లాభం లేదని వాళ్లకూ అర్థమైపోయింది. అందుకని మీ లెక్కల్లో లంచం కింద రాసుకున్న డబ్బును తీసేసి, రెండు నెలల అదనపు సరుకు కింద రాసుకోండి. విదేశీయుడు ఇచ్చే లంచం ఇంకో రకంగానూ ప్రమాదం, అది మీ మీద ఒక ఫైలు. ఒకసారి ఇచ్చిన సంగతి పదిమందికి తెలుస్తుంది, మిమ్మల్ని పంపించేయాలనుకున్న రోజున అదే బయటికి తీస్తారు. పైగా రేపు ఏ బ్రిటిష్ కంపెనీయో మీ కస్టమర్ అయితే వాళ్ల 2010 చట్టం ప్రకారం చిన్న మామూళ్లు కూడా నేరమే, ముందు మీ లెక్కల పుస్తకాలు అడుగుతారు.

చట్టాలు మారడం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు, ప్లాస్టిక్ ప్యాకేజింగ్ వ్యాపారం పెట్టుకుంటూ! రువాండా ప్లాస్టిక్ సంచులను 2008లోనే నిషేధించింది. కెన్యా 2017 ఫిబ్రవరిలో నోటీసు ఇచ్చి, ఆరు నెలలు గడువిచ్చి, ఆగస్టు 28 నుంచి క్యారీ బ్యాగులు తయారు చేసినా అమ్మినా వాడినా నేరమంది, శిక్ష నాలుగేళ్ల జైలు దాకా. ఆ జనవరిలో కొత్త మెషిన్‌కు అడ్వాన్స్ కట్టినవాడి సంగతి ఊహించుకోండి. ఇలాంటి దెబ్బలు విదేశీయుణ్ణే వెతుక్కుంటూ రావు, అక్కడి ఫ్యాక్టరీలన్నిటికీ తగిలింది. తేడా ఎక్కడంటే స్థానికుల సంఘానికి మంత్రి దగ్గర కుర్చీ ఉంటుంది, మీకు ఉండదు. క్యారీ బ్యాగుల మెషిన్ కాకుండా వేరే పనికి మార్చుకోగల మెషిన్ కొనండి అన్నది నా గట్టి సలహా, ఎక్కువ ఖరీదైనా సరే.

దీన్ని "ఆ దేశాలింతే" అనుకోకండి. మన దేశంలో వొడాఫోన్‌కు జరిగింది చూడండి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కంపెనీ టాక్సు కట్టక్కర్లేదంది, కొన్ని నెలలకే పార్లమెంటు పాత తేదీ నుంచి వర్తించేలా చట్టమే మార్చేసింది, అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో వాళ్లు గెలిచింది 2020లో, మనం ఆ సవరణను వెనక్కి తీసుకుంది 2021లో. ఆ రోజుల్లో మనలో ఎంతమందికి అది అన్యాయంగా అనిపించింది? బయటి కంపెనీ, కట్టనీ అనుకున్నాం. అక్కడ మీరు వొడాఫోన్ అన్నమాట, కాకపోతే తొమ్మిదేళ్లు కేసు నడిపే లాయర్లు లేరు.

పనివాళ్ల బద్ధకం అన్న మాట దగ్గర నాకు కాస్త కోపం వచ్చింది, దాచుకోను. మీ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసినవాళ్లే కదా రేపు మీతో వస్తారని లెక్కేసుకున్నది? జీతం ఆలస్యమయ్యే చోట, రెండు బస్సులు మారి వచ్చే మనిషి ఆలస్యంగా వస్తాడు. ఒక సూపర్‌వైజర్‌ని అక్కడివాణ్ణే పెట్టుకుని, అధికారం నిజంగా ఇచ్చి చూడండి. మన వాళ్లనే తెచ్చి పై పోస్టులన్నీ నింపుకుని, సాయంత్రమైతే మన వాళ్లతోనే కూర్చుని, అక్కడివాళ్లను బద్ధకస్తులనుకునే వ్యాపారి ఎంత సంపాదించినా ఆ ఊరికి అతిథే. 1972 ఆగస్టులో ఉగాండాలో ఇడీ అమీన్ ఆసియావాళ్లకు దేశం వదిలిపోవడానికి 90 రోజుల గడువిచ్చాడు, వాళ్లలో ఎందరో అక్కడే పుట్టినవాళ్లు. అది ఒక నియంత చేసిన దుర్మార్గం, సందేహం లేదు. అయినా ఆ రోజు వీధిలో చప్పట్లు కొట్టినవాళ్లు ఎక్కడినుంచి వచ్చారన్నది మనలాంటివాళ్లం ఆలోచించుకోవాల్సిందే.

కరెంటు సంగతి తేలిక. జనరేటరూ డీజిలూ ఖర్చులో మొదటి రోజు నుంచే రాసుకోండి, అప్పుడు కూడా లాభం కనబడకపోతే మానేయండి. ర్యాంకింగ్ అంటారా, మీరు చదివింది ప్రపంచ బ్యాంకు "డూయింగ్ బిజినెస్" అయితే, అంకెల్లో అవకతవకలు బయటపడ్డాక 2021 సెప్టెంబర్‌లో వాళ్లే దాన్ని ఆపేశారు. అయినా కంపెనీ రిజిస్టర్ చేయడానికి ఎన్ని రోజులు పడుతుందన్నది మీ సమస్య కాదు కదా.

మరి పెట్టొచ్చా అంటే, దాచుకున్నదంతా అయితే వద్దు. సగానికి మించి అక్కడికి తీసుకెళ్లొద్దు, మిగతా సగం ఆ దేశం బయటే ఉండాలి. చట్టప్రకారం స్థానిక భాగస్వామితో పెట్టే దారి ఉందేమో చూడండి, చాలాచోట్ల పెట్టుబడి పరిమితి అలాంటప్పుడు తగ్గుతుంది. అది కూడా మీ వల్ల కాకపోతే ఇంకో రెండేళ్లు ఉద్యోగం చేయండి, ఈసారి ప్రొడక్షన్ వదిలి ఓనరు దగ్గర కొనుగోళ్లూ బ్యాంకు పనీ అడిగి నేర్చుకోండి. లేదా ఆ ఓనరునే అడగండి, చిన్న వాటా ఇచ్చి కొత్త యూనిట్ నాతో పెట్టిస్తారా అని. ఆయన చదువుతాడని భయపడుతున్నారు గానీ, ఆయనకూ వయసు పైబడుతూ ఉండొచ్చు.

ఈలోగా మీ ఏజెంటు అన్నను కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి. మనం చేసేది బయటపడితే శిక్ష ఏమిటి, నువ్వు పోతే షేర్లు ఎవరికి వెళ్తాయి అని. వెంటనే "లాయరు దగ్గరికి వెళ్దాం పద, నువ్వు నీ పేరుతోనే నాతో భాగస్వామిగా ఉండే దారి చూద్దాం" అన్నాడంటే అతన్ని వదులుకోకండి. "మన మధ్య కాగితాలెందుకు" అన్నాడంటే, ఏమన్నాడో ఎలా అన్నాడో నాకు ఇంకో ఉత్తరం రాయండి, డబ్బు మాత్రం కదపకండి.